తాయమ్మ అడిగింది

మా అత్తగారు బతికున్నంత కాలం నన్ను ఒకటే ప్రశ్న అడిగేవారు. "అల్లుడుగారూ, పత్తి మీరు కొనరు, దూది మీరు అమ్మరు, మిషన్లు మీరు తిప్పరు. మరి ఆ మిల్లులో మీరు చేసేదేంటండీ?" నేను నవ్వి ఊరుకునేవాణ్ని. సరైన జవాబు నాకూ తెలియదని అప్పట్లో అనుకోలేదు.

రాయచూరులో ఒక జిన్నింగ్ మిల్లులో లేబర్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ విడదీసి, దూదిని బేళ్లుగా నొక్కి పంపడం మిల్లు పని. దసరా వెళ్లాక మొదలై ఎండలు ముదిరేదాకా సీజను. మిషన్లకు పత్తి అందించేదీ, పచ్చబడ్డ పత్తినీ ఆకునూ ఏరి పారేసేదీ అంతా ఆడవాళ్లే. వాళ్లకూ మేనేజరుకూ మధ్య నిలబడేవాడు లేబర్ ఆఫీసరు. ఇప్పుడు దీన్ని హెచ్చార్ అంటున్నారు.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి, "మీ అనుభవాలు రాసిపెట్టండి సార్, మాలాంటి వాళ్లకి పనికొస్తాయి" అంది. ఎన్ని సమ్మెలు సర్దాను, ఎన్ని ఒప్పందాలు రాయించాను అన్నవి రాస్తానని అనుకుని ఉంటుంది. అవి ఆఫీసులోనే ఉన్నాయి, చదువుకోవచ్చు. నేను రాసేది ఒక సినిమా సంగతి. సినిమా చూసి మనిషి మారతాడా అంటే, మారతాడు. ఎంతవరకు మారతాడన్నదే నేను చెప్పవలసింది.

నా మీద నాకున్న మంచి అభిప్రాయం

నేను సింధనూరు దగ్గర ఒక క్యాంపులో, అంటే వలస వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లో, పుట్టాను. మా నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి చేశాడు. నాట్లకు వచ్చిన కూలీలు మా ఇంటికొస్తే అరుగు కింద నిలబడేవారు. అది తప్పనీ ఒప్పనీ ఎవరూ అనుకోలేదు. వాళ్లు నిలబడే చోటు అది, అంతే. డిగ్రీ చదివి, రాయచూరులో ఉద్యోగం దొరికి వచ్చేసినప్పుడు ఆ అరుగు వెనకే ఉండిపోయిందని నమ్మాను.

చేరిన కొత్తలో మా మేనేజరు వెంకోబరావు నాకు పని నేర్పాడు. పాత రాయచూరు మనిషి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడేవాడు. ఒకరోజు ఒకామె సెలవు కోసం వచ్చి ఏడిస్తే నేను మెత్తబడి, అదే రోజు ఇంకో నలుగురికి కూడా సెలవులిచ్చాను. మిషన్లు ఆగాయి. వెంకోబరావు నన్ను పిలిచి తలుపు వేశాడు.

"చూడయ్యా, లేబర్ మొకం చూస్తే దిల్ కరుగుతది. నీది గాదు తప్పు, అందరిది గట్లనే కరుగుతది. అందుకే మొకం చూడకు. కాగితం చూడు. కాగితం ఏడ్వదు."

గొప్ప తెలివిగా తోచింది. మెల్లగా అలవాటు చేసుకున్నాను. తల ఎత్తకుండా మాట్లాడటం, సంతకాలు చేస్తూ వినడం, చెయ్యెత్తి ఆగమనడం. ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు మొదటి మాటగా చెబుతున్నాను: మీకు పని నేర్పే పెద్దవాడు మంచివాడే కావచ్చు, మిమ్మల్ని ప్రేమగా చూడవచ్చు. అయినా ఆయన నేర్పేదంతా పని కాదు.

అలాగని నేను రాక్షసుణ్ని కాదు. బేళ్లు నొక్కే ప్రెస్సులో హుసేన్ అనే అతని చెయ్యి నలిగితే, అతణ్ని నా స్కూటరు మీదే దవాఖానకు తీసుకెళ్లాను. అతనికి రావలసిన పరిహారం కోసం వెంకోబరావుతో నెలల తరబడి పోట్లాడి ఇప్పించాను. హుసేన్ ఇప్పటికీ బజారులో కనిపిస్తే ఆగి సలాం చేస్తాడు. ఆ ఒక్క సలాం మీద నేను చాలా ఏళ్లు బతికాను. లేబరు పక్షాన నిలబడే ఆఫీసరునని ఇంట్లో చెప్పుకునేవాణ్ని, బంధువుల దగ్గర చెప్పుకునేవాణ్ని. ఎవరూ వినకపోతే నాకు నేనే చెప్పుకునేవాణ్ని.

కెమెరా

సుజాత రాయచూరు పిల్లే. హైదరాబాదులో సినిమా చదువు చదివి, కెమెరా పట్టుకుని వచ్చింది. మిల్లులో పనిచేసే ఆడవాళ్ల మీద నిజమైన సినిమా, అంటే నటులు లేని సినిమా తీస్తానంది. వెంకోబరావుకు అందులో పత్తి ఒక్కటే వినిపించింది. "తియ్యమ్మా, తియ్యి. మన రాయచూరు పత్తి సంగతి దేశమంత తెలవాలె" అని ఒప్పేసుకున్నాడు.

ఆమె సీజనంతా వచ్చింది. మొదట్లో కెమెరా చూసి అందరూ కొంగులు సర్దుకునేవారు. పోనుపోను ఆమెను మరిచిపోయారు. ఆమె ఎక్కువగా తాయమ్మ వెంట తిరిగేది. తాయమ్మది మిల్లుకు దగ్గర్లోని చిక్కసూగూరు. భర్త బెంగళూరులో బిల్డింగు పనులకు పోయాడు. ఇంట్లో ఆమె, ముసలి అత్త. పక్కింటి హనుమక్కతో కలిసి రోజూ మిల్లుకు నడిచి వచ్చేది. ఈ వివరాలన్నీ నేను సినిమా చూసి తెలుసుకున్నవి. అంతకు ముందు ఎన్నో సీజన్ల నుంచి ఆమె మా మిల్లులో పనిచేస్తోంది, జీతం చీటీ మీద నా సంతకమే ఉండేది.

నా గదిలోకి కూడా సుజాత వచ్చింది. "సార్, నేను ఓ మూలకి నిలబడతాను, మీ పని మీరు చేసుకోండి" అంది. మొదటి రెండు మూడు రోజులు తల దువ్వుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత నేనూ మరిచిపోయాను.

హాల్లో

సినిమా పూర్తయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం రాయచూరులో ఒక కాలేజీ హాల్లో వేశారు. మిల్లు ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చారు. వెంకోబరావు వచ్చాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను, ఎందుకంటే సినిమా అయ్యాక నాలుగు మాటలు మాట్లాడమని సుజాత నన్ను అడిగింది. మంచి ఉపన్యాసం రాసుకుని జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ రాజ్యలక్ష్మి బాళగనూరులో పుట్టింటికి వెళ్లి ఉండటంతో రాలేకపోయింది. వచ్చి ఉంటే బాగుండేదని మొదలయ్యేటప్పుడు అనుకున్నాను.

సినిమా మొదట్లోనే తాయమ్మ ఇంటి ముందు కూర్చుని జుట్టులోంచి దూది తీసుకుంటోంది. ఎంత తీసినా వస్తూనే ఉంది. తర్వాత ఆమె పడుకోవడం చూపించారు. పడుకోవడం కాదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదట. పక్కన అత్త విసనకర్రతో విసురుతోంది. మిషన్ల దగ్గర లేచే నుసి నాకు తెలియనిది కాదు. నా గది కిటికీలు ఎప్పుడూ మూసి ఉంచేది అందుకే. అది ఒక మనిషి ఛాతీలోకి పోయి, ఆమెతోపాటు చిక్కసూగూరు దాకా నడిచి, ఆమె ఇంట్లో ఆమెతో కూర్చుంటుందని నేను అనుకోలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రుమాలు తీసి తుడుచుకున్నాను. నా పక్కన కూర్చున్న కాలేజీ ప్రిన్సిపాలు అది గమనించాడని తెలిసి, కాస్త నెమ్మదిగా తుడుచుకున్నాను కూడా. ఇది రాయడానికి చెయ్యి వెనకాడుతోంది.

ఆ తర్వాత దారి. తాయమ్మ, హనుమక్క మిల్లుకు నడుస్తున్నారు. మిషన్ దగ్గర్నుంచి పత్తి ఏరే షెడ్డుకు మార్చమని ఆఫీసరును అడగాలని తాయమ్మ అనుకుంటోంది. ఎలా అడగాలో దారి పొడుగునా పాఠంలా వల్లిస్తోంది.

"సార్, మిషన్ కాడ నుసికి ఊపిరి ఆడ్తలేదు. జర ఏరే షెడ్డుల ఎయ్యుండ్రి. తక్లీఫ్ తక్కువైనంక మల్ల మిషన్ కాడికే వస్త."

"గట్ల ఏడ్చుకుంట చెప్తే ఇనడు. గట్టిగ చెప్పు" అంది హనుమక్క.

"గట్టిగ చెప్తే కోపానికొస్తడేమో."

"అయితే నడుమ రకంగ చెప్పు. ఆగు, నేను ఆపీసర్ని, నువ్వు రా."

హనుమక్క రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించింది. తాయమ్మ రాగానే తల ఎత్తకుండా, రెండో అరచెయ్యి పైకెత్తి ఆగమంది. గాలిలో సంతకాలు పెట్టింది. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగా నవ్వాను. ఎవరో గర్విష్ఠి ఆఫీసరును భలే పట్టుకుంది అనుకున్నాను.

ఆ తర్వాత తెర మీద నా గది వచ్చింది.

తాయమ్మ గుమ్మం బయట చెప్పులు విడిచి, గడప మీద నిలబడింది. లోపల నేను ఫోన్‌లో మా ఆవిడతో మాట్లాడుతున్నాను. "బెండకాయలు వద్దులే, దొండకాయలు తెస్తాను." తాయమ్మ నీడ పడగానే తల ఎత్తకుండా, అరచెయ్యి పైకెత్తాను. అచ్చం హనుమక్క ఎత్తినట్టే. హాలు పగిలిపోయేలా నవ్వారు. కూరగాయలు తేల్చుకుని ఫోన్ పెట్టేశాను. టీ తాగాను. కాగితాల మీద సంతకాలు మొదలుపెట్టి, "ఏమ్మా?" అన్నాను.

"సార్, నేను తాయమ్మని..."

"పేరొద్దమ్మా, టోకెన్ నంబర్ చెప్పు."

మళ్లీ నవ్వులు. వెనక ఎవరో ఆ మాటను నాకంటే ముందే అన్నారు. అంటే ఈ మాట వాళ్లందరికీ కంఠస్థం.

తాయమ్మ నంబరు చెప్పింది. నంబరు చెప్పడంతో దారి పొడుగునా కూర్చుకున్నదంతా చెదిరిపోయింది. "ఊపిరి ఆడ్తలేదు సార్" అని మాత్రం అనగలిగింది. ఏ షెడ్డు కావాలో, ఎందుకో ఏమీ రాలేదు.

"సీజన్ అయిపోనీ, చూద్దాం."

"సరే సార్."

ఆమె కదల్లేదు. నేను పేజీ తిప్పాను. "ఇంకేంటి?"

"ఏం లేదు సార్."

అక్కడికి హాల్లో నవ్వు ఆగిపోయింది. కెమెరా చాలాసేపు తాయమ్మ ముఖం మీదే నిలిచింది. నేను ఆ రోజు చూడని ముఖం అది. ఆ గడపకు ఇవతల కూర్చుని ఎన్ని వందల మందితో అలా మాట్లాడానో. అవతలి వైపు ఎంత నడక, ఎంత వల్లింపు, ఎంత గుండెదడ ఉంటుందో మొదటిసారి చూశాను.

దీపాలు వెలిగాయి. సుజాత నా పేరు పిలిచింది. వేదిక ఎక్కాను. అప్పుడు ఒక్క నిజమైన మాట అనగలిగితే ఈ రోజు ఇది రాయవలసిన పని ఉండేది కాదేమో. జేబులోంచి కాగితం తీసి, రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను. ఇలాంటి చిత్రాలు మన కళ్లు తెరిపిస్తాయన్నాను. శ్రామికుల పట్ల సమాజం దృష్టి మారాలన్నాను. సమాజమంటే నాకు తెలియని ఎవరో అన్నట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో తాయమ్మ కూడా కొట్టింది.

ఫోన్‌లో చెప్పిన మాట

మర్నాడు వెంకోబరావు నన్ను చూస్తూనే నవ్వాడు. "ఏందయ్యా, నీ యాక్టింగ్ మస్తుగుంది! ఆ పిల్ల నిన్నే హీరో జేసింది." నుసి గురించి అడిగితే, "నుసి లేని జిన్నింగ్ ఏడుంటది?" అన్నాడు. తాయమ్మ మీద అతనికి కోపం లేదు. సినిమా మీద కూడా లేదు. ఆ సాయంత్రానికల్లా మరిచిపోయాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నేను చెప్పింది అబద్ధం.

నేను ఆ రోజే మేస్త్రీని పిలిచి తాయమ్మను ఏరే షెడ్డుకు మార్చమన్నాను. ఆమెను పిలవలేదు, ఆమెతో మాట్లాడలేదు. ఎందుకు మార్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా గుండెల్లో బరువు దించుకోవడానికి చేసిన పని అది. అయినా దించుకోలేకపోయాను. షెడ్ల వైపు వెళితే ఆడవాళ్లు పని చేస్తూ నా వైపు చూసి కళ్లతో నవ్వుకుంటున్నట్టు అనిపించేది.

కొన్నాళ్లకు సుజాత ఫోన్ చేసింది. ఒక ఛానెల్ వాళ్లు సినిమా తీసుకుంటున్నారట, ఇక ఎవరైనా ఫోన్లో చూడొచ్చట. ఆమె గొంతులో పండగ. నాకు మా అన్నదమ్ములు, వియ్యంకులు, మా క్యాంపు వాళ్లు అందరూ ఒక్కసారిగా కళ్లముందు మెదిలారు. దొండకాయలు, ఎత్తిన అరచెయ్యి, టోకెన్ నంబరు.

"అమ్మా, ఆ గదిలో సీను తీసెయ్యాలి" అన్నాను.

"ఎందుకు సార్? సినిమాకి అదే ప్రాణం."

"మేనేజరు మండిపడుతున్నాడు. ఆ సీను బయటికొస్తే తాయమ్మను వచ్చే సీజన్‌కు పిలవొద్దంటున్నాడు."

"నిజంగా అన్నారా సార్?"

"నాతోనే అన్నాడు. ఇక నీ ఇష్టం. ఆమె బతుకు నీ చేతిలో ఉంది."

ఈ చివరి మాట కూడా నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు.

"తాయమ్మ పని పోతుందంటే నాకా సీనే వద్దు సార్" అంది ఆ పిల్ల. తీసేసింది.

మారినవీ మారనివీ

ఆ సినిమా తర్వాత నాలో వచ్చిన మార్పును తక్కువ చేయను. నా బల్లకు ఎదురుగా ఒక కుర్చీ వేయించాను. మొదట్లో ఎవరూ కూర్చోలేదు. కూర్చోమంటే ఏదో తప్పు చేశామేమో అన్నట్టు చూసేవారు. తర్వాత్తర్వాత కూర్చున్నారు. పేరు అడగడం నేర్చుకున్నాను. ఉదయం ఒకసారి షెడ్లన్నీ తిరిగి, అక్కడే నిలబడి వినడం మొదలుపెట్టాను. గదిలో పది నిమిషాల్లో తేలనిది మిషన్ పక్కన నిలబడితే ఒక్క చూపులో తేలేది. కొత్తగా వచ్చే పిల్లలు ఇదొక్కటి నేర్చుకున్నా చాలు.

కానీ పేరు పెట్టి పిలిచినంత మాత్రాన నుసి తగ్గదు. మర్యాదకు ఖర్చు లేదు, అందుకే దాన్ని మేనేజ్‌మెంటు వెంటనే ఒప్పుకుంటుంది. నుసిని బయటికి లాగే ఫ్యాన్లకు ఖర్చుంది. వాటి కోసం వెంకోబరావు వెంట పడ్డాను, కానీ హుసేన్ విషయంలో పట్టినట్టు పట్టు పట్టలేదు. నేను రిటైరయ్యేలోగా ఒక్క షెడ్డుకు మాత్రం ఫ్యాన్లు వచ్చాయి. తాయమ్మ ఏరే షెడ్డులో ఇంకొన్ని సీజన్లు చేసింది. దగ్గు కొంచెం తగ్గినా పూర్తిగా పోలేదు. చివరికి మానేసింది. మానేసిన రోజు నా దగ్గరకొచ్చి, కుర్చీలో కూర్చుని, "పోయొస్త సార్" అని చెప్పి వెళ్లింది. ఆ రోజు ఆమె ముఖం చూస్తూనే మాట్లాడాను. చూశానని సంతోషపడ్డాను కూడా. సీను సంగతి మాత్రం చెప్పలేదు.

తెర మీద కష్టం చూస్తే మనసు కదులుతుంది. కదిలిన మనసు ముందుగా తన పరువు ఎక్కడుందో వెతుక్కుంటుంది. నా విషయంలో అదే జరిగింది.

మా ఇంట్లో

రిటైరయ్యాక ఒకరోజు పొద్దున్నే కాఫీ వేళ రాజ్యలక్ష్మి ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. బాళగనూరు నుంచి వాళ్ల చెల్లెలు పంపిందట. "మీ మిల్లు సినిమా అంటండీ! ఇన్నాళ్లూ నాకు చూపించనే లేదు."

కాదనలేక ఇద్దరం చూశాం. తాయమ్మ గోడకు ఆనుకుని నిద్రపోతుంటే మా ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది. హనుమక్క రాయి మీద కూర్చుని చెయ్యెత్తగానే ఒక్కసారిగా నవ్వింది. "అరె, అచ్చం మీలాగే ఎత్తుతోందే!"

తర్వాత గుమ్మం వచ్చింది. తాయమ్మ చెప్పులు విడిచింది. ఆ వెంటనే ఆమె ఇంటి దగ్గర కూర్చుని దగ్గుతోంది. మధ్యలో ఏమీ లేదు. తీసేశాక ఎలా ఉంటుందో నేను అంతవరకు చూడలేదు.

"అయ్యో పాపం" అంది రాజ్యలక్ష్మి. "దారంతా అన్నిసార్లు చెప్పుకుని, తీరా గుమ్మం దాకా వెళ్లి భయపడి తిరిగొచ్చేసింది. లోపలుంది మీరే కదండీ? మీరేమన్నా పులా? ఒక్క మాట అడిగుంటే మీరు చేసిపెట్టేవారు కదా. కొంతమందికి నోరు రాదు, ఏం చేస్తాం."

నా ముఖం దాచుకోవడానికి నేను తాయమ్మ ధైర్యాన్నే కోసేయించాను. సినిమా చూసిన వాళ్లందరికీ ఆమె గడప దగ్గర నుంచి వెనక్కి తిరిగిన పిరికిది.

"ఆవిడ తిరిగి వెళ్లలేదు" అన్నాను. "లోపలికి వచ్చింది. అడిగింది."

"మరి చూపించలేదేం?"

"నేనే తీయించాను."

మొత్తం చెప్పాను. ఆవిడ ఫోన్ ఆపి, బోర్లా పెట్టింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. ఒక్క మాట మాత్రం అడిగింది. "ఆ సంగతి ఆవిడకి తెలుసా?"

ఆ పూటే సుజాతకు ఫోన్ చేసి నిజం చెప్పాను. "తాయమ్మ కోసమని కదా సార్ తీశాను" అంది. "తన కోసమనుకునే తీశాను. తనను అడగకుండా తీశాను." తర్వాత అంది, "ఆ ముక్క నా దగ్గరే ఉంది. కానీ ముందు మీరు వెళ్లి ఆమెకు చెప్పండి. ఆమె సరే అంటేనే మళ్లీ పెడతాను."

ఇప్పుడు ఆ సీను సినిమాలో ఉంది. కానీ పాత ముక్క కూడా జనం ఫోన్లలో తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. ఇక మిగిలింది చిక్కసూగూరు వెళ్లిన సంగతి.

చిక్కసూగూరులో

వెళ్లేసరికి తాయమ్మ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి కంగారుగా లేచి, ఎదురింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మనిషి సన్నబడింది. అత్త గుమ్మంలో కూర్చుని నా వైపు కళ్లు చికిలించి చూసింది. బాగోగులు అయ్యాక నేను నోరు తెరిచేలోపే తాయమ్మ మొదలుపెట్టింది.

"మీరొచ్చింది మంచిగైంది సార్. మీకు ఆ కెమెరా పిల్ల నంబర్ ఎరికే గద. జర ఒక మాట చెప్పుండ్రి. మా గల్లీల అందరు ఫోన్ల సినిమా చూసిన్రు. చూసి నవ్వుతున్రు సార్. తాయమ్మ బుగులు పడి ఆపీస్ కాడికెళ్లి వాపస్ వచ్చిందంట, నోరు లేదంట. నేను లోపలికి వచ్చిన గద సార్? మీకు యాదికుందా? ఊపిరి ఆడ్తలేదు అని అడిగిన గద?"

"అడిగావమ్మా."

"మరి గది ఎందుకు తీసేసిందో. ఆమెకు నేనేం అన్యాయం చేసిన?"

"ఆ పిల్ల తప్పు లేదు తాయమ్మా. తీయమన్నది నేను."

గింజ తీస్తున్న చెయ్యి ఆగింది. "మీరా?"

"నేనే. అది ఉంటే నీ పని పోతుందని ఆమెకు అబద్ధం చెప్పి తీయించాను."

"ఎందుకు సార్?"

దారిలో ఎన్నో మాటలు కూర్చుకుని వెళ్లాను. ఒక్కటీ రాలేదు. "సిగ్గేసింది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. అర్థం చేసుకోవడానికి చూసినట్టు చూసింది.

"మీకు సిగ్గయితదని మీరు తీసేస్తిరి" అంది నెమ్మదిగా. "ఆ సిగ్గంత నా మీద పడె. ఇన్ని దినాలు నేను మోస్తి."

నేను క్షమించమన్నాను. ఆమె మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. సీను మళ్లీ పెట్టించనా అని అడిగాను. "పెట్టియ్యుండ్రి" అంది వెంటనే. అంతటితో అయిపోయిందనుకుని లేచాను.

"ఆగుండ్రి సార్. ఫోన్ల ఎప్పుడు పెడ్తరో, ఎవరు చూస్తరో. మీరు ఇంత దూరం వచ్చిన్రు గద. మీ నోటితోనే చెప్పుండ్రి." నా జవాబు కోసం చూడకుండానే వీధిలోకి కేకేసింది. "హనుమక్కా! ఓ హనుమక్కా! అందర్ని పిలువు. సార్ ఒక మాట చెప్తడంట."

హనుమక్క వచ్చింది. వెనక ఇంకో అయిదారుగురు ఆడవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు. వాళ్లలో కొందరిని మా మిల్లులో చూశాను. తాయమ్మ కుర్చీ పక్కకు జరిపింది. ఎందుకో నాకు అర్థమైంది, నిలబడ్డాను.

"సినిమాలో తాయమ్మ గుమ్మం దగ్గర నుంచి తిరిగి వెళ్లినట్టు ఉంది. అది నిజం కాదు" అన్నాను. "ఆమె లోపలికి వచ్చింది. నన్ను అడిగింది. నేనే సరిగ్గా వినలేదు. ఆ ముక్క బయటికి రాకుండా తీయించింది కూడా నేనే."

ఎవరూ నవ్వలేదు. హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాయమ్మ వైపు చూసింది. తాయమ్మ తల ఎత్తుకుని నిలబడి ఉంది.

గుమ్మంలోంచి అత్త అడిగింది. "అడిగిందన్నవ్. మరి నువ్వేమన్నవ్ సారూ?"

"సీజన్ అయిపోనీ, చూద్దాం అన్నానమ్మా."

"అంతేనా?"

"అంతే."